దింపుడు గిలక

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు సంఘం సమావేశానికి ఒక అతిథి వచ్చాడు. బడిపిల్లల వీపు సంచీ లాంటిదొకటి బల్ల మీద పెట్టి, జిప్పు తీసి, అందులోంచి ఒక నడికట్టు, ఒక కొక్కెం, ఒక లోహపు డబ్బా బయటికి తీశాడు. ఇల్లు అంటుకున్నప్పుడు గోడకు బిగించి ఉంచిన కడియానికి కొక్కెం తగిలించి, నడికట్టు కట్టుకుని, కిటికీలోంచి దిగిపోవడమేనట. మాటలతో ఊరుకోకుండా, మొదటి అంతస్తు బాల్కనీ నుంచి తన సహాయకుణ్ణి దింపి చూపించాడు కూడా. కుర్రవాడు పావురంలా నేలకు దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధం ఎందుకు, నేనూ కొట్టాను.

ఆ తరువాత జరిగినదే ఈ టపాకు కారణం. ఆనాటి ఎజెండాలో రెండు పాత అంశాలున్నాయి. ఒకటి, మేడ మీది తలుపుకు రాత్రింబగళ్లు వేసి ఉండే తాళం. రెండు, విరిగిన మంచాలూ సైకిళ్లూ పాత గ్యాసు పొయ్యిలూ పేరుకుపోయిన రెండో మెట్లదారి. మూడు సమావేశాలుగా ఇవి వాయిదా పడుతున్నాయి. నాలుగోసారీ పడ్డాయి. సంఘం కార్యదర్శి గారు చాలా మర్యాదస్థులు. చిరునవ్వుతోనే అన్నారు: "ఇంత మంచి సాధనం వచ్చాక ఇంకా ఆ తాళం గొడవెందుకండీ? కావలసినవాళ్లు తలా ఒకటి కొనుక్కుంటే సరి. ఎవరి ప్రాణం వాళ్ల చేతుల్లోనే ఉండాలి కదా మాస్టారూ!"

ఆ చివరి వాక్యంతోనే నా తగాదా. యంత్రంతో కాదు.

యంత్రానికి న్యాయం చేయడానికి ముందు దానికొక పేరు కావాలి. తెలుగులో పేరు లేని వస్తువు గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడదు. "వ్యక్తిగత అవరోహణ సాధనం" అంటే ప్రభుత్వ టెండరు కాగితంలా ఉంటుంది. బావి గిలకను చూసినవాళ్లకు ఇది అర్థం కావడానికి ఒక్క నిమిషం చాలు కనుక "దింపుడు గిలక" అందామనుకున్నాను. అనుకోగానే దింపుడు కళ్లం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. శ్మశానానికి పోయే దారిలో శవాన్ని దించి, చివరిసారిగా చెవిలో పేరు పెట్టి పిలిచే చోటు. అయినా ఆ పేరే ఉంచేశాను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

డబ్బాలో ఒక చక్రానికి తాడో, సన్నని ఉక్కు తీగో చుట్టి ఉంటుంది. మనిషి బరువుకు చక్రం తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ లోపలి బ్రేకు ముక్కలు అపకేంద్ర బలంతో బయటికి జరిగి డబ్బా గోడకు ఒరుసుకుంటాయి. ఆ రాపిడి వేగాన్ని మళ్లీ తగ్గిస్తుంది. కరెంటు అక్కరలేదు, దిగేవాడు ఏ మీటా నొక్కనక్కరలేదు. బక్కపలచని వాడైనా, భారీ మనిషైనా ఇంచుమించు ఒకే వేగంతో, సెకనుకు మీటరుకు అటూ ఇటూగా దిగుతాడు. కొన్ని రకాలలో తాడుకు రెండు కొసలా నడికట్లు ఉంటాయి. ఒకరు దిగుతుంటే ఖాళీ నడికట్టు మరొకరి కోసం పైకి వస్తుంది, బావిలో రెండు చేదల్లాగా. మెదడున్నవాడు చేసిన పని. ఇందులో వెటకారం లేదు.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1879లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రానికి చెందిన ఓపెన్‌హైమర్ అనే ఆయన (అణుబాంబు ఆయన కాదులెండి) మంటల్లోంచి తప్పించుకునే సాధనానికి పేటెంటు పుచ్చుకున్నాడు. అదేమిటంటే తలకు తగిలించుకునే నాలుగైదు అడుగుల గొడుగు, కాళ్లకు మెత్తటి దళసరి అడుగుల బూట్లు. గొడుగు గడ్డానికి కట్టుకుని కిటికీలోంచి దూకాలి. నవ్వొస్తుంది గాని, ఆ కాగితం వెనక ఒక నిజమైన భయం ఉంది. భవనాలు ఎత్తు పెరుగుతున్నాయి, నిచ్చెనలు పెరగడం లేదు. 2001 సెప్టెంబరు తరువాత ఆఫీసు బల్ల కింద దాచుకునే పారాచ్యూట్లు అమ్మినవాళ్లు అమ్మిందీ ఆ భయాన్నే.

ఇక మా ఎనిమిదో అంతస్తుకు వద్దాం. మా బాల్కనీకి, అన్ని కిటికీలకూ దొంగల భయంతో ఇనుప గ్రిల్లు ఉంది. గిలక కొన్నా దిగేది ఎలా? గ్రిల్లు కోయించి తలుపు పెట్టిస్తాననుకోండి. కడియం దేనికి బిగించాలి? ఇటుక గోడకు కొట్టిన మేకు మనిషిని మోయదు, కాంక్రీటు దూలమో స్తంభమో కావాలి. అదీ అయిందనుకోండి. మంట నాలుగో అంతస్తులో ఉంటే, నేను వేలాడుతూ పోవలసింది ఆ నాలుగో అంతస్తు కిటికీ ముందునుంచే. అద్దాలు పగిలి నాలుకలు చాస్తున్న మంట ముందునుంచి సెకనుకు మీటరు చొప్పున తాపీగా దిగాలి. నైలాను తాడైతే 250 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగిపోతుంది. దానికి అరమిడ్ తాడు కావాలి, దాని ధర వేరు.

ఇవన్నీ డబ్బుతో తీరేవే, ఒప్పుకుంటాను. తీరనిది ఒకటుంది. మా అమ్మకు 81 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, మంచం దిగడానికే చెయ్యి ఆసరా ఇవ్వాలి. ఆవిడకు నడికట్టు కట్టి కిటికీ గడప దాటించడం ఎలాగని ఆ అతిథిని అడిగాను. "పెద్దవాళ్లకు వేరే మోడలు ఉంది సార్, కేటలాగు పంపిస్తాను" అన్నాడు. పంపించాడు కూడా. అదొక సంచీ. మనిషిని అందులో పడుకోబెట్టి, మూటలా కట్టి దింపాలి. సంచీ బొమ్మను అమ్మకు చూపిస్తే, "నన్ను మెట్ల మీదుగా మోసుకుపోరా నాయనా, దారి ఖాళీగా ఉంటే" అంది. ఆవిడ ఏ కమిటీలోనూ సభ్యురాలు కాదు.

దారి ఖాళీగా ఉండడం. అసలు విషయమంతా అక్కడే ఉంది. మంటల్లో పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం కాలి పోవు, పొగకు పోతాయి. ఎత్తు చంపడం కన్నా దారి లేకపోవడం చంపడమే ఎక్కువ.

2025 మే 18 తెల్లవారుజామున హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంట్లో 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. అది ఆకాశహర్మ్యం కాదు, కింద దుకాణాలు, పైన రెండు అంతస్తులు. లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. ఆ ఎత్తుకు గిలక అక్కరలేదు. కావలసింది ఇంకొక దారి. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పిల్లలు పోయారు. పిల్లలనే అంటాను, ఇరవయ్యేళ్లు దాటీ దాటనివాళ్లు, ఊళ్లనుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. అయిదో అంతస్తులో పొగకు ఊపిరాడక పోయారు. ఆ జీతాలవాళ్ల సంచీలో టిఫిను డబ్బాతో పాటు ఒక దింపుడు గిలక కూడా ఉండి ఉండవలసిందంటారా?

2010 మార్చి 23న కలకత్తా పార్కు స్ట్రీటులోని స్టీఫెన్ కోర్టు తగలబడినప్పుడు 43 మంది చనిపోయారు. కొందరు కిటికీల్లోంచి దూకారు, కొందరు మేడ మీదికి పరుగెత్తారు. మేడ తలుపుకు తాళం. మెట్ల చివర, ఆ తలుపు దగ్గర దొరికిన శవాల సంగతి చదివిన రోజు నుంచి నాకు మా మేడ తాళం కనబడినప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది. కార్యదర్శి గారికి అది నా చాదస్తంగా కనిపిస్తోంది.

ఇంకా వెనక్కు వెళ్తే 1911 మార్చి 25, న్యూయార్కులోని ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు. మంట 8, 9, 10 అంతస్తుల్లో, అగ్నిమాపక దళం నిచ్చెన అందింది ఆరో అంతస్తుదాకా. బయటి ఇనుప మెట్లు బరువుకు విరిగి కూలిపోయాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. పనివాళ్లు బట్ట ముక్కలు దొంగిలిస్తారని, సాయంత్రం ఒకే తలుపు దగ్గర సంచీలు వెతికి పంపాలని వేసిన తాళమది. యజమానులమీద నరహత్య కేసు నిలవలేదు, అదే ఏడాది డిసెంబరులో విడుదలయ్యారు. కానీ ఆ మంట తరువాత న్యూయార్కు రాష్ట్రం చేసిన చట్టాలు తలుపుల గురించీ, స్ప్రింక్లర్ల గురించీ, అగ్నిప్రమాద కసరత్తుల గురించీ మాట్లాడాయి. పనిపిల్లలు తలా ఒక తాడు కొనుక్కోవాలని ఎవరూ అనలేదు. అప్పటికింకా ఆ సిగ్గు మిగిలి ఉంది.

ఇక్కడ నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. దాన్ని దాచిపెడితే ఈ రాతకు విలువ లేదు.

2005 జనవరి 23, ఆదివారం, మళ్లీ న్యూయార్కే. బ్రాంక్స్‌లో ఒక అపార్టుమెంటు అంటుకుంటే, పైన ఎవరైనా చిక్కుకున్నారేమోనని అగ్నిమాపక సిబ్బంది నాలుగో అంతస్తుకు (మన లెక్కలో మూడో అంతస్తు) వెళ్లారు. ఆ వాటాను అనుమతి లేని గోడలు కట్టి గదులుగా చీల్చి ఉన్నారు. ఆ గోడలవల్ల బయటి ఇనుప మెట్లకు దారి మూసుకుపోయింది. కింది అంతస్తు మంట పైకి తన్నింది. ఆరుగురు కిటికీల్లోంచి దూకవలసి వచ్చింది. ఇద్దరు చనిపోయారు. నలుగురు ఎముకలు విరిగి బతికారు, వాళ్లలో ఒకరు 2011లో పోయారు. ఆ ఆరుగురిలో ఒక్కరి దగ్గర మాత్రమే తాడు ఉంది. అది శాఖ ఇచ్చినది కాదు, సొంతంగా కొనుక్కున్నది. 1990లలో శాఖ తన మనుషులకు తాళ్లు ఇచ్చింది, 2000 ప్రాంతంలో ఆ ఏర్పాటు ఎత్తేసింది.

ఆ ఆదివారం తరువాత అదే ఏడాదిలో శాఖ ఒక కొక్కెం, మంటకు ఓర్చే తాడు, వేగాన్ని అదుపు చేసే దింపుడు పరికరం కలిపిన సరంజామాను సిబ్బందికి ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవారి సామాను చేసే పెట్జల్ అనే ఫ్రెంచి సంస్థతో కలిసి దాన్ని తయారు చేయించింది. ఇచ్చి ఊరుకోలేదు, కిటికీలోంచి బయటపడడం నేర్పించింది. 2016లో జ్యూరీ నగరపాలననూ, భవన యజమానినీ బాధ్యులను చేసి 18.3 కోట్ల డాలర్ల పరిహారం చెప్పింది.

అంటే దింపుడు గిలక ప్రాణం నిలపగలదు. ఆ రోజు ఆ ఆరుగురి నడుములకూ అది ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. నేను కాదనడం లేదు. కానీ ఆ కథలో ఎవరిని దోషి అన్నారో చూడండి. తాడు కొనుక్కోని మనిషిని కాదు, తాడు ఇవ్వని యజమానినీ దారి మూసిన గోడనూ. మా సెల్లారులో ఆ ఆదివారం జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. రేపు మా భవనం అంటుకుని నేను పోతే, "పాపం, గిలక కొనుక్కోలేదండీ" అంటారు.

కొరియా సంగతి కూడా చెప్పాలి. అక్కడి చట్టం ప్రకారం మూడు నుంచి పది అంతస్తుల మధ్య ఇలాంటి దింపుడు సాధనాలు ఉండాలి. వసతి గృహాల్లో గది గదికీ ఉండాలి. అది గోడకున్న మెట్టులాగా భవనంలో ఒక భాగం, ఖర్చు యజమానిది, తనిఖీ ప్రభుత్వానిది. అంత చేసినా 2024 ఆగస్టులో బుచన్ నగరంలో ఒక హోటలు మంటలో ఏడుగురు చనిపోయారు. గదుల్లో స్ప్రింక్లర్లు లేవు. ఇద్దరు కిందనున్న గాలిపరుపు మీదికి దూకి కూడా బతకలేదు. ఆ తరువాత ఆ దేశంలో రేగిన చర్చలో గిలకల లెక్క ఒక అంశమైతే, స్ప్రింక్లర్ల లెక్క అంతకన్నా పెద్ద అంశం. తాడు చివరి మాట. మొదటి మాటలన్నీ పూర్తయ్యాక రావలసినది. మా అపార్టుమెంటులో మొదటి మాటకే దిక్కు లేదు.

మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో ఒక చిన్న నియమం ఉంది. బయటికి పోయే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలి. అంతే. దీనికి కేటలాగు లేదు, కమీషను లేదు, సెల్లారులో ప్రదర్శన లేదు. లోపలినుంచి నెడితే తెరుచుకునే అడ్డబద్దీ బజారులో దొరుకుతుంది. బయటివాడు రాలేడు, లోపలివాడు పోగలడు. మేడ మీద కుర్రాళ్లు చేరి తాగుతారన్న కార్యదర్శి గారి భయానికి కూడా అందులో జవాబుంది. ఆ ధర వాకబు చేసి కాగితం మీద రాసిచ్చాను. "చూద్దామండీ" అన్నారు. గిలకకు మాత్రం అప్పటికే పదకొండు వాటాలవాళ్లు పేర్లిచ్చారు. వాళ్లమీద నాకు కోపం లేదు. పక్కవాడు దారి ఖాళీ చేస్తాడన్న నమ్మకం పోయినప్పుడు మనిషి కిటికీవైపే చూస్తాడు.

నిన్న సాయంత్రం వాచ్‌మన్‌ను అడిగాను, మేడ తాళంచెవి ఎక్కడుంటుందని. తన గదిలో మేకుకు తగిలించి ఉంటుందన్నాడు. నువ్వు ఊరెళితే? "గదికి తాళం వేసుకుని పోతానండీ" అన్నాడు.

రెండో మెట్లదారిలో మా వాటా సామాను కూడా ఉంది. ఒక కుట్టుమిషను చట్రం, రెండు అట్టపెట్టెలు. వాటిని ఈ ఉదయం పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. మంచాలవాళ్ల తలుపు తట్టబోతున్నాను.