ముక్కు లేదా నీకు?

"వంటింట్లోనే ఉన్నావు కదా, గ్యాసు వాసన తెలియలేదూ? ముక్కు లేదా నీకు?"

మా వారు హాల్లోంచి పరుగున వచ్చి, స్టవ్ కట్టేసి, కిటికీ రెక్కలు తెరుస్తూ వేసిన కేక ఇది. 2021 జూన్ నెల. పాలు పొంగి మంట ఆరిపోయింది. నేను స్టవ్‌కి వీపు పెట్టి బెండకాయలు తరుగుతున్నాను. నిజం చెప్పొద్దూ, నాకప్పుడు ముక్కు లేదు. ఉంది గానీ, ముక్కుపుడకకి తప్ప ఇంకెందుకూ పనికిరాని ముక్కు.

అంతకు నెల ముందు కోవిడ్ వచ్చింది. జ్వరం అయిదు రోజుల్లో తగ్గింది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి పోపు వేస్తే ఇంగువ వాసన లేదు. డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నా లేదు. ఎవరితో చెప్పినా తేలిగ్గా తీసిపారేశారు. "ప్రాణం దక్కింది చాలదూ, వాసన కోసం ఏడుస్తావేమిటి?" అంది మా వదిన. మొదట చూసిన డాక్టరుగారు "అదే వస్తుందిలేమ్మా" అన్నారు, చీటీ కూడా రాయలేదు. ఆ ఏడాది పోయినవాళ్ళని తలుచుకుంటే నాకూ నోరు పెగిలేది కాదు. అయినా ఇప్పుడు అడుగుతున్నాను. చూపు మసకబారితే కళ్ళజోడు రాయిస్తాం. పన్ను కదిలితే పరుగెడతాం. ముక్కు పోతే అది జబ్బుల లెక్కలోకే రాదెందుకు?

బహుశా ముక్కు చేసే పని ఎంతో మనకి తెలియకపోవడం వల్లనేమో. నాకూ పోగొట్టుకున్నాకే తెలిసింది. ముక్కులో బాగా పైన, తపాలా బిళ్ళంత చోటులో లక్షలాది నాడీ కణాలుంటాయి. వాటి చివర సన్నని నూగు, ఆ నూగు మీద గ్రాహకాలు. ఇంగువలోంచి గాల్లోకి లేచిన అణువు ముక్కులోని తడిలో కరిగి, తనకి కుదిరే గ్రాహకానికి అతుక్కుంటుంది. అతుక్కోగానే గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది. దాంతో కణం తలుపులు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి దూరతాయి. చిన్న విద్యుత్తు పుట్టి మెదడుకు చేరుతుంది. ఇదంతా మనం "అబ్బ, ఏం వాసన!" అనేలోపే!

ఈ గ్రాహకాల జన్యువులను 1991లో ఎలుకల్లో కనిపెట్టినవారిలో ఒకరు స్త్రీ, లిండా బక్. రిచర్డ్ ఆక్సెల్‌తో కలిసి ఆమె చేసిన ఆ పనికి 2004లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కో నాడీ కణంలో ఒక్క రకమే ఉంటుంది. మరి నాలుగు వందలతో ఇన్ని వేల వాసనలెలా తెలుస్తాయి? మన ముగ్గే దీనికి సమాధానం. చుక్కలు అవే, కలిపే తీరుని బట్టి ఒకసారి పద్మం, ఒకసారి రథం. ఒక వాసన కొన్ని గ్రాహకాలను కదిలిస్తే, ఇంకో వాసన వాటిలో కొన్నిటినీ, వేరే కొన్నిటినీ కదిలిస్తుంది. ఏ చుక్కలు మెరిశాయో చూసి మెదడు ఇది మల్లె, ఇది మాడిన అన్నం అని పోల్చుకుంటుంది.

కోవిడ్ వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది ఈ నాడీ కణాలను కాదు, వాటిని కాచుకుని ఉండే కణాలను. ఆసరా పోయాక నాడీ కణాల్లో గ్రాహకాలు తయారవడమే తగ్గిపోతుందని 2022లో తేలింది. ముక్కు దిబ్బడ లేకుండానే నాకు వాసన ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది.

ఆ రోజుల్లో వంట ఎలా చేశానంటారా? ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక చెబుతుంది. కారం మంట తెలుస్తుంది. మిగిలిన రుచంతా ముక్కుదేనని చారు తాగితే తెలిసింది. చింతపండు నీళ్ళు! కాఫీ అయితే చేదు వేణ్ణీళ్ళు. "ఏమిటోయ్, ఈ మధ్య వంటలో మనసు పెట్టడం లేదు" అన్నారు మా వారు. మనసు పెట్టడానికేం? ముక్కు లేదు.

గ్యాసు సంగతికి వస్తాను. వంటగ్యాసుకి సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే గంధకపు పదార్థం కలుపుతారు. వంద కోట్ల వంతుల గాలిలో అది ఒకటి రెండు వంతులున్నా మంచి ముక్కు పసిగడుతుంది. కానీ మంచి ముక్కుకీ ఒక బలహీనత ఉంది. గుళ్ళో అడుగు పెట్టగానే అగరొత్తుల వాసన గుప్పుమంటుంది, పది నిమిషాలయ్యాక ఉండదు. కణంలోకి వచ్చిన కాల్షియమే తలుపులు బిగించడం మొదలుపెడుతుంది. అంచేత గ్యాసు మెల్లమెల్లగా కారుతుంటే, గంట నుంచీ వంటింట్లోనే ఉన్న ఇల్లాలికి తెలియకపోవచ్చు, బయటినుంచి వచ్చిన మనిషికి ముందు తెలుస్తుంది. ఆవిడని పట్టుకుని "ముక్కు లేదా" అనడం ఏం న్యాయం? అనుమానం వస్తే లైటు స్విచ్చి ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వెళ్ళి 1906 నంబరుకి ఫోన్ చేయాలి. ఇది ఇంట్లో అందరికీ తెలియవలసిన సంగతి, ఒక్క వంట చేసే మనిషికే కాదు.

రెండో డాక్టరుగారు, ముక్కు చెవి గొంతు చూసే ఆవిడ, నన్ను నవ్వకుండా విన్నారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగూ రోజుకి రెండుసార్లు, ఒక్కొక్కటీ కాసేపు, ఆ వాసనని గుర్తు తెచ్చుకుంటూ పీల్చమన్నారు. 2009లో జర్మనీలో పన్నెండు వారాలు చేయించి చూసిన పద్ధతట. అందరికీ కాదు గానీ కొందరికి గుణం ఇచ్చింది. ముక్కులోని నాడీ కణాలు పాతవి రాలి కొత్తవి పుడుతూనే ఉంటాయి, అదే ఆశ.

నాలుగో నెలలో లవంగం లీలగా తెలిసింది. ఆ వెంటనే ఇంకో తంటా. కాఫీ, వేగే ఉల్లిపాయలు కాలిన రబ్బరు కంపు కొట్టేవి! కొత్త కణాలు చుక్కలు తప్పు కలిపినట్టుంది. "ఇలా జరుగుతుంది, మానకండి" అన్నారావిడ. మానలేదు. ఏడాదికి ముప్పాతిక వంతు వచ్చింది. మల్లెలు ఇప్పటికీ అంతంతమాత్రమే.

పాలు విరిగాయా, పప్పు అడుగంటిందా, పచ్చడి బూజు పట్టిందా, ఇన్నీ ఒక్క ముక్కే కనిపెట్టాలనే ఏర్పాటు ఎవరు చేశారో గాని, మా ఇంట్లో దాన్ని మార్చేశాను. రాత్రి రెగ్యులేటర్ కట్టే పని మా వారిది. పొద్దున్నే పాలగిన్నె మూత తీసి చూసే పని మా అబ్బాయికి అప్పగించాను. అప్పటికి వాడికి పదిహేడేళ్ళు. మొదటి రోజు గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడి, "అమ్మా, పాడైన పాల వాసన ఎలా ఉంటుంది?" అని అడిగాడు.