మైకు చివరి వరుస దాకా రావాలె

"సారూ, ఇంతసేపు మీరు మాట్లాడింది మా గురించేనా?"

లా చదివేటప్పుడు ప్రొఫెసర్లు నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. ఈ కాలమ్ మొదలుపెట్టాక మీరు కామెంట్లలో అడుగుతూనే ఉన్నారు. కానీ ఏసీ హాల్లో నిలబడి చెమటలు పట్టింది మాత్రం ఈ ఒక్క ప్రశ్నకే.

సంగతి ఏంటంటే, హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో గనుల తవ్వకం, చట్టం, నీతి అనే విషయం మీద బహిరంగ చర్చ పెట్టారు. 'అందరికీ ఆహ్వానం' అని పోస్టర్ మీద రాశారు. స్టేజీ మీద నలుగురం. నాకిచ్చింది పన్నెండు నిమిషాలు. నల్లమల, యురేనియం, పబ్లిక్ హియరింగ్ అంటూ స్లైడ్లు ముచ్చటగా చేసుకుపోయా. అన్నీ ఇంగ్లీషులోనే. మాట్లాడింది కూడా ఇంగ్లీషే. చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత ప్రశ్నల సమయం. చివరి వరుసలో తెల్ల ధోతి, భుజం మీద తువ్వాలతో ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. మైకు మూడో వరుస దాకా వచ్చి ఆగింది. టైమ్ అయిపోయిందన్నారు. ఆయన ఊరుకోలేదు. మైకు లేకుండానే లేచి అడిగాడు. అడిగింది ఆ ప్రశ్నే.

హాల్లో నవ్వులు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను చూపించిన మ్యాపులో ఆయన ఊరుంది. దానికి ఆరు కిలోమీటర్ల దూరంలో మా అమ్మమ్మ ఊరుంది. ఆ ఊళ్లో పెరిగిన నేను, ఆ ఊరి గురించి ఆ ఊరోళ్లకు అర్థం కాని భాషలో పన్నెండు నిమిషాలు మాట్లాడా.

బయటికొచ్చి ఆయన్ని వెతికి పట్టుకున్నా. ఇద్దరం ఎంజీబీఎస్‌లో దేవరకొండ బస్సెక్కాం. ఇబ్రహీంపట్నం దాటేదాకా ఏమీ మాట్లాడలేదు. మాల్ దగ్గర బస్సాగితే చాయ్ తాగుతూ, "తాతా, కోపమొచ్చిందా?" అన్నా.

"కోపమెందుకు బిడ్డా? మంచిగనే మాట్లాడినవ్ గావచ్చు. నాకెరుక లేదు. అదే అడిగిన."

ఆ తర్వాత 2003 సంగతి చెప్పాడు.

మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, కాబట్టి ముందు కాస్త కథ. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు అని రెండు పేర్లు గుర్తు పెట్టుకోండి. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే ఉంటాయి. అక్కడ యురేనియం తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ముందుకొచ్చింది. 2003లో పబ్లిక్ హియరింగ్, అంటే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం గట్టిగా వద్దన్నారు. ఉద్యమాలు నడిచాయి. అక్కడ గని మాత్రం మొదలుకాలేదు. తెలుగు నేల మీద యురేనియం గని చివరికి కడప జిల్లా తుమ్మలపల్లెలో వచ్చింది.

"నేను గప్పుడు మైకు పట్టుకొని మాట్లాడిన బిడ్డా. జిందగీల మొదటిసారి. కాళ్లు గజగజ వణికినయ్. ఏం మాట్లాడిన్నో సగం యాదికి లేదు. కానీ ముందల గూసున్నాయన రాస్కున్నడు. నేను జెప్పింది కాయితం మీదికెక్కింది. గది మాత్రం యాదికున్నది."

ఆయన చెప్పిన 'కాయితం మీదికెక్కడం' చిన్న విషయం కాదు. మన దేశంలో పబ్లిక్ హియరింగ్‌కు ఇప్పుడున్న పద్ధతి 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో ఉంది. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్థానిక భాషా పత్రికలోనూ వేయాలి. ప్రాజెక్టు రిపోర్టు సారాంశం స్థానిక భాషలో దొరకాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేట్‌కు తగ్గని హోదా ఉన్న ఆయన ప్రతినిధి గానీ సభ నడపాలి. మొత్తం వీడియో తీయాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో ఎవరేం చెప్పారో స్థానిక భాషలో చదివి వినిపించాలి.

మళ్లీ ఒకసారి చదవండి. కలెక్టర్ షామియానా కింద పెట్టే సభకు తెలుగు తప్పనిసరి. ప్రతి మనిషికీ మైకు తప్పనిసరి. మా ఏసీ హాల్లో ఈ రెండూ లేవు.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. పబ్లిక్ హియరింగ్ అంటే ఓటింగ్ కాదు. ఊరంతా వద్దన్నా అనుమతి రావచ్చు. జనం మాటను నిపుణుల కమిటీ ముందు పెట్టాలి, వాళ్లు పరిశీలించాలి, అంతవరకే. అయినా ఆ కాగితానికి విలువుంది. రేపు కోర్టుకు పోతే 'మేం చెప్పాం' అనడానికి అదే సాక్ష్యం.

ఇక 2019. ఇది మీకు గుర్తుండే ఉంటుంది, మీ స్టేటస్‌లలో 'సేవ్ నల్లమల' హ్యాష్‌ట్యాగ్ తిరిగిన ఏడాది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటల నుంచి సినిమా హీరోల దాకా అందరూ గొంతెత్తారు. యూనివర్సిటీల్లో చర్చలు జరిగాయి. ఆ సెప్టెంబర్‌లో రాష్ట్ర అసెంబ్లీ వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

అంటే ఊరి సభలో, క్యాంపస్‌లో, ఫోన్‌లో, అసెంబ్లీలో, నాలుగు చోట్లా ఒకే మాట నడిచింది. మాట అలా నడిస్తేనే దానికి బలం.

మరి ఇప్పుడు? 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీస్ మెమొరాండం ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనుల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు. యురేనియం అణు ఖనిజమే. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు అన్నది కారణం.

ఈ కారణాన్ని నేను ఎగతాళి చెయ్యను. దేశానికి కరెంటు కావాలి, అణు విద్యుత్తుకు యురేనియం కావాలి. మన దగ్గర లేకపోతే బయట కొనాలి, కొన్నప్పుడు అమ్మేవాడి షరతులు వినాలి. ఇవన్నీ నిజాలే. అయితే 'దేశానికి కావాలి' అన్న మాటతో 'ఆ ఊరిని అడగక్కర్లేదు' అన్న మాట దానంతటదే రుజువవుతుందా? చట్టం ఏం చెప్తుంది అన్నది ఒక ప్రశ్న. అది న్యాయమేనా అన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్న అడగడానికే కదా యూనివర్సిటీలు ఉన్నది?

అడిగితే ఏమవుతుందో మనకు తెలుసు. 1997లో సమత కేసు తీర్పు మన తెలుగు నేల మీది కేసే. విశాఖ ఏజెన్సీ అనంతగిరి ప్రాంతంలో గిరిజనుల భూముల్ని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒడిశా నియమగిరి కేసులో గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు పెడితే 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. డోంగ్రియా కోందులు వాళ్ల భాషలో, వాళ్ల కొండ గురించి మాట్లాడారు. దాన్ని దేశం వినాల్సి వచ్చింది.

భాష గురించి కోర్టే మాట్లాడిన సందర్భం కూడా ఉంది. 2020లో పర్యావరణ నోటిఫికేషన్‌కు కొత్త ముసాయిదా తెచ్చారు. అందులో 30 రోజుల నోటీసును 20 రోజులకు తగ్గించాలని ఉంది. అభిప్రాయాలు చెప్పమన్నారు, కానీ ముసాయిదా ఉన్నది ఇంగ్లీషు, హిందీల్లో. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న చెప్పింది. కేంద్రం దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ముసాయిదా తుది రూపం దాల్చలేదు. కానీ హైకోర్టు పట్టుకున్న పాయింటు సింపుల్: చదవడానికి రాని కాగితం మీద అభిప్రాయం అడగడమంటే అడగనట్టే.

అదే పాయింటు తాత నాకు ఒక్క వాక్యంలో చెప్పాడు.

బస్సు మల్లేపల్లి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. "తాతా, ఆ స్లైడ్లు మళ్లీ చెప్పనా, తెలుగుల?" అన్నా. సరే అన్నాడు. ఫోన్ తీశా.

నమ్మండి, నా జీవితంలో కష్టమైన ప్రజెంటేషన్ అదే. ఇంగ్లీషులో గడగడా వచ్చే ముక్కలకు తెలుగులో నాలుక మడత పడింది. 'పర్యావరణ అనుమతి' అంటే, "అంటే ఏంది?" అన్నాడు. "నీళ్లకు, చెట్లకు, మనుషులకు ఏమైతదో చూసి సర్కారు ఇచ్చే పర్మిషన్" అన్నా. "ఎవరు చూస్తరు?" అన్నాడు. రిపోర్టు తయారుచేసే కన్సల్టెంటుకు డబ్బులిచ్చేది ప్రాజెక్టు కంపెనీయే అని చెప్పాల్సి వచ్చింది. హాల్లో ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఆయన నోటి నుంచే వచ్చింది. "మా దగ్గరి అక్కంపల్లి రిజర్వాయర్ నుంచే గద పట్నానికి కృష్ణా నీళ్లు వోయేది? మరి గా హాల్ల ఉన్నోళ్లు వాళ్ల నీళ్ల గురించి అడుగలే ఎందుకు?"

నా స్లైడ్లలో ఆ పాయింటే లేదు. నిజంగా లేదు.

అందుకే ఈ వారం మీకు నీతి చెప్పడం కాదు, నేను చేయబోయేది చెప్తా. 2007 నుంచి నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. 2008 నుంచి మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది. నల్లమలకు, సాగర్‌కు దగ్గరగా మనకు రెండు క్యాంపస్‌లున్నాయి. అక్కడ చదివే మీలో చాలామంది ఇళ్లు ఆ మ్యాపుల్లోనే ఉన్నాయి. మీ చర్చకు పిలిస్తే వస్తా. మూడు షరతులు. చర్చ తెలుగులో జరగాలి. మొదటి ప్రశ్న చివరి వరుసకే ఇవ్వాలి. ఎవరేం అడిగారో రాసి, చివర్లో చదివి వినిపించాలి. 2006 నోటిఫికేషన్ కలెక్టర్‌కు పెట్టిన షరతుల స్ఫూర్తితో పెట్టినవే ఇవి.

మీరు చేయగలిగిందీ ఉంది. ప్రాజెక్టుల కాగితాలు కేంద్రం పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి, ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. మీ మండలం పేరుతో వెతకండి. దొరకని కాగితం కోసం 2005 సమాచార హక్కు చట్టం ఉంది, కేంద్ర శాఖలకైతే ఫీజు పది రూపాయలు. మూడు వందల పేజీల రిపోర్టును ఒక పేజీ తెలుగులోకి దించి, మీ ఊరి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. చదవడం రానివాళ్లు కూడా వింటారు.

దేవరకొండ బస్టాండులో దిగాక తాత తువ్వాల దులిపి భుజం మీదేసుకున్నాడు. పోబోయి ఆగాడు.

"ఒక్క మాట బిడ్డా. ఇగ ఊరోళ్లను అడుగవల్సిన పని లేదని రాసిండ్రంటివి గద. గట్ల రాసేముందు, రాయొచ్చా అని ఎవర్నన్న అడిగిండ్రా?"

నోటిఫికేషన్ మార్చాలంటే ముసాయిదా పెట్టి 60 రోజులు అభ్యంతరాలు తీసుకోవడం పర్యావరణ నిబంధనల మామూలు పద్ధతి. ఆఫీస్ మెమొరాండానికి ఆ పద్ధతి లేదు. ఈ సమాధానం నాకు తెలుసు. తెలుగులో కూడా చెప్పగలను.

"లేదు తాతా, అడగలేదు" అన్నా.

ఆయన తలూపాడు. "ఇప్పుడు సమజైంది" అని, ఊరికి పోయే ఆటో ఎక్కాడు.