మాత్ర ఊళ్లోనే అందాలి

పిల్లవాడికి ఫిట్స్ మొదలైతే కూలి చేసుకునే ఇంట్లో ముందుగా ఆగిపోయేది తల్లి సంపాదన. బిడ్డ ఎప్పుడు, ఎక్కడ పడిపోతాడోనన్న భయంతో ఆమె పనికి పోవడం మానేస్తుంది. ఆ తర్వాత ఈఈజీకి, స్కానింగ్‌కి అప్పు. నెలనెలా జిల్లా కేంద్రానికో, హైదరాబాద్‌కో, విశాఖకో ప్రయాణం. బస్సు చార్జీలు, బయటి తిండి, తండ్రికి పోయిన రోజు కూలి అన్నీ కలిపి చూస్తే పాతకాలం నుంచి వాడుకలో ఉన్న సాధారణ ఫిట్స్ మాత్రల ధర అందులో చిన్న మొత్తమే. పేద కుటుంబాన్ని కుంగదీసేది ఆ మాత్ర కోసం తిరిగే తిరుగుడు. ఈ భారం తప్పించడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని. ఇన్నేళ్లుగా చేయకపోవడం క్షమించరానిది.

ఈ నష్టం లెక్కకు అందనిదేమీ కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన డాక్టర్ సంజీవ్ థామస్ బృందం 2001లోనే దీన్ని లెక్కగట్టింది. చికిత్స ఖర్చు, కోల్పోయిన పనిదినాలు కలిపి ఒక్కో మూర్ఛ (ఫిట్స్) రోగికి ఏడాదికి రూ.13,755 అవుతుందని తేల్చింది. అప్పటి తలసరి జాతీయోత్పత్తిలో అది 88 శాతం. దేశంలో 50 లక్షల మంది రోగులున్నారనుకుంటే మొత్తం భారం దాదాపు రూ.6,900 కోట్లు, అంటే స్థూల జాతీయోత్పత్తిలో అర శాతం. ఇప్పుడు రోగుల సంఖ్య కోటి దాటిందని అంచనా. ఈ జబ్బు చాలామందికి బాల్యంలోనే మొదలవుతుంది కాబట్టి, పదేళ్ల వయసులో చదువు ఆగిన పిల్లవాడు ఆ నష్టాన్ని జీవితాంతం మోస్తాడు.

సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాదికి ఒక్కొక్కరికి 5 డాలర్ల మందులతోనూ అది సాధ్యమేనంటోంది. అయినా మన దేశంలో చికిత్స అందనివారు నగరాల్లో 22 శాతం ఉంటే, కొన్ని గ్రామీణ ప్రాంతాల్లో 95 శాతం దాకా ఉన్నట్టు వేర్వేరు సర్వేలు చూపించాయి. ఇంత చవకైన మందుకు ఇంత పెద్ద అగాధం ఏర్పడిందంటే తప్పు పంపిణీలో ఉంది.

పల్లెల్లో సాధ్యం కాదనేవారు కర్ణాటకలోని యెలందూరు వైపు చూడాలి. 1990లలో డాక్టర్ కె.ఎస్. మణి బృందం అక్కడి గ్రామాల్లో రోగులను వెతికి పట్టుకుని, ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్ వంటి పాతకాలపు చవక మందులిచ్చి ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించింది. 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, క్రమం తప్పకుండా వాడినవారిలో సగానికి పైగా జబ్బు అదుపులోకి వచ్చింది. ఖరీదైన యంత్రాలతో ఆ పని జరగలేదు. మందు మానకుండా వాడటమే కీలకమైంది. ఉన్నట్టుండి మాత్రలు ఆగితే ఫిట్స్ మళ్లీ విరుచుకుపడతాయి, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఒక నెల సరుకు లేకపోవడం చిన్న పొరపాటు కాదు.

కావాల్సిన ఏర్పాట్లలో సగం ఇప్పటికే ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్షించాల్సిన జబ్బుల జాబితాలో మూర్ఛ ఉంది. అయితే గుర్తించడంతోనే పని తీరదు. ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరితే ఆదుకుంటుంది, ఇంట్లో రోజూ మింగే మాత్రకు పనికిరాదు. ఈ పిల్లలకు మూడేళ్లో, ఐదేళ్లో కావాల్సింది రోజూ మింగే ఆ మాత్రే. బీపీ, షుగర్ మందులు నెలనెలా ఇస్తున్న పీహెచ్‌సీలోనే వాల్‌ప్రోయేట్, కార్బమాజిపైన్, లెవెటిరాసిటమ్, చిన్నపిల్లలకు వాటి సిరప్‌లు ఇవ్వడానికి అడ్డేమిటి? మొదటిసారి నిపుణుడు చూసి మందు నిర్ణయిస్తే, ఆ తర్వాతి సలహాలకు ఈ-సంజీవని టెలివైద్య సేవ ఉంది. మాత్ర మానేసిన బిడ్డను కనిపెట్టి చెప్పగల ఆశా కార్యకర్త ఊళ్లోనే ఉంది.

డబ్బుతో కొలవలేని నష్టం వేరే ఉంది. ఇప్పటికీ కొన్నిచోట్ల గాలి సోకిందని తాయెత్తు కడుతున్నారు, పసివాళ్లకు వాతలు పెడుతున్నారు. ఫిట్స్ వచ్చినప్పుడు తాళాల గుత్తి చేతిలో పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చదువుకున్నవారూ మానలేదు. బిడ్డను పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఈ మూడు మాటలు ప్రతి టీచరుకూ తెలిసి ఉండాలి. తెలియని భయంతోనే ‘మీ బాబును ఇంటికి తీసుకెళ్లండి’ అంటున్నారు. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి పంపేయరాదని విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఆడపిల్లల బాధ మరీ లోతైనది. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఉన్న మూర్ఛను పార్లమెంటు 1999లోనే తొలగించింది. అయినా పెళ్లి చెడుతుందని కన్నవాళ్లు జబ్బును దాస్తారు. అత్తింట్లో కనబడకూడదని ఆ అమ్మాయి మాత్రలే మానేస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో మూర్ఛ పేరు విడిగా లేకపోవడం కూడా సరిచేయాల్సిన లోపమే.

నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. ఏటా ఆ రోజు ర్యాలీలు తీస్తే సరిపోదు. రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఈసారి ఆ తేదీలోగా ప్రతి పీహెచ్‌సీలో ఫిట్స్ మందులు మూడు నెలలకు సరిపడా నిల్వ ఉంచాలని ఉత్తర్వులివ్వాలి. ఎక్కడ ఎన్ని రోజులు మందు లేకుండా గడిచిందో జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలి.