సిమెట్రీ మీద అంత కోపమెందుకు?

"బ్రూనో జెవి చరిత్రకారుడు కాదు, ప్రచారకుడు" అని మొన్న ఒక మిత్రుడు తేల్చేశాడు. ఆయన ఆర్కిటెక్చర్ చదివినవాడు. నేను పుస్తకాలు చదివానంతే. అయినా ఒప్పుకోను.

అభియోగం పాతదే. జెవికి సిమెట్రీ పడదు. అటూ ఇటూ ఒకేలా ఉన్న కట్టడం కనబడితే చాలు, అందులో భయమూ అధికారమూ చూస్తాడు. ఆధునిక ఆర్కిటెక్చర్ భాష మీద 1973లో రాసిన పుస్తకంలో దాన్ని దాదాపు ఒక జబ్బుగా తేల్చాడు. చరిత్ర రాసేవాడికి ఇంత కోపమా, అని వీళ్ల బాధ.

మరి ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చింది? జెవి 1918లో రోమ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. చదువు మధ్యలో వదిలేసి లండన్, అక్కణ్నుంచి హార్వర్డ్. సరిగ్గా ఆ రోజుల్లోనే రోమ్ శివార్లలో, 1942లో జరపాలనుకున్న ప్రపంచ ప్రదర్శన కోసం, నాలుగు వైపులా ఒకేలాంటి కమానులతో ఒక తెల్లటి భవనం లేస్తోంది. తనను వెళ్లగొట్టిన ప్రభుత్వం ఇష్టపడి కట్టించుకున్న రూపం అది. దాన్ని వట్టి అభిరుచి విషయంగా చూడమని ఆయనకి మనం చెప్పాలా?

"అదే పక్షపాతం" అంటారు. సరే, తెరాన్యి సంగతేంటి మరి? జుసెప్పె తెరాన్యి ఫాసిస్టు. కోమోలో 1936లో ఆయన పూర్తిచేసిన కట్టడం సాక్షాత్తూ ఆ పార్టీ ఆఫీసు! దాని ముఖభాగంలో ఒకవైపు గళ్లుగళ్లుగా ఖాళీలు, ఇంకోవైపు నున్నటి గోడ. ఆ తెరాన్యిని నెత్తిన పెట్టుకున్నది జెవియే. 1968లో తన పత్రికలో నివాళి కూడా ప్రచురించాడు. పార్టీ కార్డు చూసి మార్కులేసేవాడు చేసే పనేనా ఇది?

తప్పుల్లేవని కాదు. సిమెట్రీ అంతా నియంతృత్వమే అంటే నాకూ మింగుడుపడదు. కానీ 1955 నుంచి చనిపోయిన 2000 దాకా ఒక వారపత్రికలో మామూలు పాఠకుల కోసం కట్టడాల గురించి రాస్తూనే ఉన్నాడాయన. యూనివర్సిటీ దిగజారిపోయిందని 1979లో ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేశాడు. తటస్థులం అనుకునేవాళ్లు ఏం వదులుకున్నారో నాకైతే తెలీదు.

1948లోనే చెప్పాడు: ఆర్కిటెక్చర్ అంటే గోడలు కాదు, గోడల మధ్య మనం నడిచే చోటు, అది ఫోటోలో దొరకదు, అని. మిత్రుడు కోమో వెళ్లొచ్చాడట. పన్నెండు ఫోటోలు పంపాడు. అన్నీ రోడ్డు మీద, ఎదురుగా నిలబడి తీసినవే.