అండమాన్ సంబంధం వచ్చిందా?

మన చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ‘అండమాన్ సంబంధం’ అనే మాట వినని ఇల్లాలు ఉండదు. కుర్రాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది, కట్నం పేచీ లేదు. అయినా అమ్మాయి తల్లి గుండె గుభేలుమంటుంది. ‘సముద్రం అవతలికా, తల్లీ!’ అంటుంది. ఆ భయం తీసిపారేసేది కాదు. అలాగని దాన్నిబట్టే కాదనేయకండి. ముందు అక్కడి కాపురం ఎలా ఉంటుందో తెలుసుకోండి.

పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. అక్కడ మీ అమ్మాయికి మాట్లాడే మనిషి దొరకదన్న బెంగ వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. వారిలో మన ఉత్తరాంధ్ర వాళ్లు బోలెడుమంది.

ఇక ఇంటి పనంటారా, అక్కడ పొద్దు ముందే పొడుస్తుంది, ముందే గూకుతుంది. జూన్‌లో మనకి ఆరున్నర దాకా వెలుగుంటే, అక్కడ ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. అందుకే పిల్లలతో షికారు పొద్దున్నే పెట్టుకోవాలి. ఊళ్లోనే కార్బిన్స్ కోవ్ బీచి ఉంది. సెల్యులార్ జైలు తప్పక చూపించాలి. సూర్యాస్తమయానికి చిడియాటాపు. సెలవులకు పడవలో స్వరాజ్ ద్వీపం, అదే పాత హేవ్‌లాక్. గాలివాన పడితే పడవ ఆగిపోతుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒకరోజు అదనంగా ఉంచుకోవాలి. మొసలి బోర్డు ఉన్నచోట పిల్లల్ని నీళ్లలోకి దింపకూడదు. పగడపు ముక్క ముచ్చటగా ఉందని సంచిలో వేసుకున్నా నేరమే.

ఉల్లి, బంగాళాదుంప లాంటివి ఎక్కువగా ‘మెయిన్‌లాండ్’ నుంచి ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైతే ధర చుక్కలనంటుతుంది. వేసవిలో పైపు నీళ్లు రోజూ రావు, డ్రమ్ములు నింపుకోవాలి. వానలు ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ. సారెలో పెట్టే ఒడియాలు, అప్పడాలు బాగా ఎండబెట్టి మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాల్లో సర్దండి. ఆవకాయ మీద నూనె తేలేలా చూడండి. చోడిపిండి ఒకేసారి బస్తాడు పంపకండి, పురుగు పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పెళ్లిచూపుల నాడే మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఉద్యోగం ఏ దీవిలో? పోర్ట్‌బ్లెయిర్‌లో జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది. దూరపు దీవైతే అర్ధరాత్రి జబ్బు చేసినప్పుడు పరిస్థితి వేరు. రెండు, ఏడాదికి ఎన్నిసార్లు పుట్టింటికి పంపుతారు, ఖర్చు ఎవరిది? విశాఖ ఓడ రోజూ ఉండదు, ఎక్కినా రెండు రోజుల పైనే ప్రయాణం. చెన్నై నుంచి విమానమైతే రెండు గంటల పైచిలుకు. మూడు, పురుడు ఎక్కడ? నెలలు నిండాక విమానం ఎక్కనివ్వరు. మన ఆనవాయితీ ప్రకారం ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఏడో నెల దాటకముందే డాక్టరుతో మాట్లాడి టిక్కెట్టు తీయాలి.

ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పిన వాళ్లయితే సముద్రం అడ్డు కాదు. నీళ్లు నమిలితే మాత్రం పక్క ఊరి సంబంధమైనా ఆలోచించాల్సిందే. చివరిమాట మాత్రం అమ్మాయిది. వెళ్లి ఉండాల్సింది ఆ పిల్లే కదా!