తలరాత మీద ఒక ఫిర్యాదు

పోయిన నెలలో కాకినాడ వెళ్ళాను, మా పిన్నిని చూద్దామని. వెళ్ళేసరికి దీపాలవేళ దాటిపోయినా హాల్లో లైటు కూడా వెయ్యకుండా కూచుని ఉంది. "ఏమిటి పిన్నీ, ఒంట్లో బాగాలేదా?" అంటే జవాబు చెప్పకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాఫీ కలుపుతూ అప్పుడు బయటపెట్టింది సంగతి.

ఆ ముందు ఆదివారం మా చెల్లెల్ని చూసి వెళ్ళినవాళ్ళు కబురు చేశారట. పిల్ల నచ్చిందట. చదువు నచ్చిందట. బ్యాంకు ఉద్యోగం మరీ నచ్చిందట. "కాకపోతే అమ్మాయి కాస్త చామనచాయ కదండీ! మేమూ నలుగురిలో తిరగాల్సిన వాళ్ళం. అంచేత లాంఛనాల దగ్గర ఇంకో అయిదు లక్షలు మీరు సర్దుకోగలిగితే మాకేం అభ్యంతరం లేదు" అన్నారట.

ఇదంతా చెప్పి, కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, పిన్ని ఒక నిట్టూర్పు విడిచింది.

"ఏం చేస్తాం? దాని తలరాత!"

నాకు ఒళ్ళు మండింది. "తలరాతేమిటి పిన్నీ? ఇది శుద్ధ బేరం. బజార్లో వంకాయలు బేరమాడినట్టు ఆడుతున్నారు. మధ్యలో పాపం ఆ బ్రహ్మదేవుడు నీకేం చేశాడు?" అన్నాను.

పిన్ని నా వంక చూసింది. ఆవిడ ఎప్పుడూ నా మీద గొంతు పెంచిన మనిషి కాదు.

"నీకేమే తల్లీ, ఎన్నయినా చెప్తావు. ఇన్ని నవలలు రాశావు కదా, ఒక్క నల్లపిల్లకైనా పెళ్ళి చేశావా?"

కాఫీ గొంతు దిగలేదు.

ఇంటికి వచ్చాక మొదట చేసిన పని, అలమారులోంచి నా పుస్తకాలన్నీ కిందికి దించడం. పదకొండు నవలలు. ఒక్కొక్కటే తిరగేశాను. పదకొండుమంది కథానాయికలూ పసిమిఛాయ వాళ్ళే! ఒకతె మేలిమి బంగారం, ఒకతె పచ్చని చామంతి, ఇంకొకతె వెన్నెల్లో నిలబడితే వెన్నెలేదో ఆవిడేదో తెలియదు! నల్లగా ఉన్న ఆడవాళ్ళు బొత్తిగా లేరా అంటే ఉన్నారు. ఇద్దరు. ఒకతె అంట్లు తోమే పనిమనిషి, రెండో ఆవిడ కథానాయకుడి గయ్యాళి మేనత్త.

ఇవన్నీ నా చేత్తో నేను రాసినవే. ఏ బ్రహ్మా రాయలేదు.

అంచేత ఈ వ్యాసం ఒక ఫిర్యాదు. ఎక్కువ భాగం లోకం మీదా, కొంత భాగం నా మీదా.

ఆలోచించి చూడండి. తలరాత అన్న మాట మన ఇళ్ళల్లో ఎవరి విషయంలో వినపడుతుంది? అబ్బాయి పరీక్ష తప్పితే, పేపరు కష్టంగా ఇచ్చారంటాం. వ్యాపారం దివాలా తీస్తే, భాగస్వామి మోసం చేశాడంటాం. మగవాడు తాగుడు మరిగితే, స్నేహాలు చెడ్డవంటాం. ప్రతిదానికీ ఒక కారణం, కారణం వెనక ఒక మనిషి! కానీ అదే తాగుబోతు పెళ్ళాం దెబ్బలు తిని పుట్టింటికి వస్తే మాత్రం, పీట వేసి, మంచినీళ్ళిచ్చి, "నీ తలరాత ఇలా ఉంది, సర్దుకుపో అమ్మా" అంటాం. కొట్టిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. ఆ చేతిని ఎవ్వరూ వేలెత్తి చూపించరు. నేరం మొత్తం ఆవిడ నుదుటి మీదికి తోసేస్తారు. ఎంత సుఖమో చూశారా! మొగుణ్ణి నిలదియ్యక్కర్లేదు, వియ్యంకులతో తగువు పడక్కర్లేదు, పిల్లని ఇంట్లో పెట్టుకోనూ అక్కర్లేదు.

సరే, కష్టం సంగతి అలా ఉంచండి. ఆడది ఏదైనా సాధిస్తే? దానికి ఇంకో పేరు సిద్ధంగా ఉంది. అదృష్టం! నా సంగతే చెప్తాను. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పాలవాడు తలుపు కొట్టేదాకా వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని, నిలబడి రాసేదాన్ని. కూచుంటే నిద్ర వస్తుందని భయం. అలా పదకొండు నవలలు. ఏ పెళ్ళికి వెళ్ళినా నాకు దొరికే ప్రశంస ఒక్కటే: "మీ ఆయన రాసుకోనిస్తున్నాడు, అదృష్టవంతురాలివి!" మావారు మంచివారే, కాదనను. కానీ ఆయనకి ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన రోజున, "మీ ఆవిడ పని చేసుకోనిస్తోంది, అదృష్టవంతులండీ" అని ఒక్కరూ అనలేదే! ఆయనది కృషి, నాది జాతకం! ఓడితే తలరాత, గెలిస్తే అదృష్టం. మరి మధ్యలో మేం పడ్డ పాట్లన్నీ ఏ ఖాతాలో జమ?

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. తారీఖులు చాలావరకు మర్చిపోయాను గానీ కొన్ని మాత్రం వదిలిపెట్టలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అంతకుముందు రోజుదాకా ఏమనుకునేవారు? పసిపిల్ల మొగుడు పోతే అది దాని తలరాత. అక్కడితో సరి. వితంతువు పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చినా, పాతికేళ్ళపాటు మన గోదావరి ఒడ్డున దానికి దిక్కు లేకపోయింది. ఆ పెళ్ళి జరిపించినందుకు ఆయన్నీ, వెన్నంటి నిలిచిన రాజ్యలక్ష్మమ్మగార్నీ ఊరు ఎన్ని బాధలు పెట్టాలో అన్నీ పెట్టింది. మరి నుదుటి రాత చెరగనిదైతే ఆ రోజు ఎలా చెరిగింది? ఎనిమిదేళ్ళకి పెళ్ళి కావడం ఆడపిల్ల తలరాత అన్నారు. 1929లో శారదా చట్టం వచ్చింది. పుట్టింటి ఆస్తిలో వాటా లేకపోవడం తలరాత అన్నారు; ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనూ, దేశమంతటా 2005లోనూ పిత్రార్జితంలో కొడుకుతోపాటు కూతురికీ సమాన వాటా అని చట్టం చేశారు. ప్రభుత్వ గెజిట్‌లో నాలుగు వాక్యాలు అచ్చువేస్తే మారిపోయేది బ్రహ్మరాత ఎలా అవుతుందండీ? అది మనుషుల రాతే. మనుషులు రాసిందాన్ని మనుషులు కొట్టెయ్యచ్చు.

అయితే చట్టం కాగితం మీద ఉంటే చాలదు. కట్నం ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమని 1961లోనే చట్టం చేశారు. అరవై ఏళ్ళు దాటిపోయాయి. ఆ చట్టం మా పిన్ని గడప దాటి లోపలికి రాలేకపోయింది. అడ్డం నిలబడ్డది ఎవరనుకున్నారు? ఈ తలరాతే!

ఇక అందం సంగతి. మనం పూజించే రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుడి పేరులోనే నలుపుంది. పోనీ వాళ్ళు మగవాళ్ళు అంటారా? ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఎందుకొచ్చింది? నల్లనిది కాబట్టే. ఆ నల్లపిల్ల స్వయంవరానికి దేశదేశాల రాజులు పరుగెత్తుకొచ్చి, విల్లు ఎత్తలేక భంగపడ్డారు. ఒక్కడైనా "పిల్ల కాస్త చామనచాయ" అన్నట్టు భారతంలో ఎక్కడా లేదు! ఇన్ని కథలు విన్న మనం పెళ్ళిళ్ళ ప్రకటనల్లో మాత్రం 'ఎర్రని, అందమైన వధువు కావలెను' అని వేయించుకుంటాం. 1975లో మన దేశపు బజార్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, విమర్శలు చుట్టుముట్టాక 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. గొట్టం మీద పేరు మార్చడానికే నలభై అయిదేళ్ళు పట్టింది. మన బుర్రల్లో పేరు మారడానికి ఎన్నేళ్ళు పడుతుందో!

అయినా ఆ క్రీము వాళ్ళని అనడానికి నాకేం హక్కుంది? వాళ్ళు గొట్టంలో పెట్టి అమ్మిందే నేను అట్టల మధ్య పెట్టి అమ్మాను. మధ్యాహ్నం పని తెముల్చుకుని, నా నవల చేత పట్టుకుని వాలిన ఏ నల్లపిల్లయినా మొదటి పేజీలోనే తెలుసుకుని ఉంటుంది, ఈ కథ తనది కాదని. మా చెల్లెలు నా నవలలన్నీ చదివింది. ఒక్కనాడూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇప్పుడు నన్ను ఎక్కువగా గుచ్చుతోంది.

ప్రేమ విషయంలోనూ నేను చేసిన తప్పు ఇలాంటిదే. ఎవరికి ఎవరో పైన రాసిపెట్టి ఉంటుందనీ, తొలిచూపులోనే గుండె గుర్తు పట్టేస్తుందనీ, ఆడపిల్ల చెయ్యాల్సిందల్లా వానలో బస్‌స్టాపు దగ్గర నిలబడి ఎదురుచూడ్డమేననీ రాశాను. మీరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. నేను మళ్ళీ అదే రాశాను.

మన సావిత్రి కథే తీసుకోండి. ఆవిడ పేరు చెప్పి నోములు పడతాం, పతివ్రత అంటాం. అసలు కథ మాత్రం సగమే చెప్పుకుంటాం. తండ్రి అనుమతితో రథమెక్కి దేశమంతా తిరిగి, మొగుణ్ణి తనే ఎంచుకున్న పిల్ల ఆవిడ. ఏడాదిలో చచ్చిపోతాడని నారదుడంతటివాడు చెప్పినా, ఇంకొకణ్ణి చూసుకోమని తండ్రి బతిమాలినా మాట మార్చుకోలేదు. ఆఖరికి యముడి వెంటపడి, మాటకి మాట చెప్పి, ఒక్కొక్క వరమే లాగి, మొగుడి ప్రాణం వెనక్కి తెచ్చుకుంది. 'నా తలరాత ఇంతే' అని చెట్టుకింద కూచుని ఏడ్చి ఉంటే ఆవిడకి కథే లేదు! విధితో వాదించిన మనిషి పేరు చెప్పి, విధికి తలవంచమని మనకి నేర్పారు. ఎంత చమత్కారం!

పురాణం వద్దంటే నిన్నమొన్నటి చరిత్ర ఉంది. దుర్గాబాయిగారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక, ఆ పెళ్ళి తనకి అక్కర్లేదని బయటికొచ్చేశారు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సమయంలో ప్రదర్శన ద్వారం దగ్గర నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన చిన్నపిల్ల ఆవిడే. జైలుకి వెళ్ళారు. తరవాత కూచుని మెట్రిక్యులేషన్ దగ్గర్నించి లా దాకా చదివారు. ఆంధ్ర మహిళా సభ పెట్టారు. రాజ్యాంగ సభలో కూచున్నారు. 1953లో, నలభై మూడేళ్ళ వయసులో, తనకి నచ్చిన చింతామణి దేశ్‌ముఖ్‌గార్ని పెళ్ళాడారు. ఎనిమిదో ఏట పెద్దవాళ్ళు రాసిందీ, నలభై మూడో ఏట ఆవిడ రాసుకున్నదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఆవిడ తలరాత?

'అయితే విధి అన్నదే లేదంటావా?' అని మీరడగచ్చు. అంత మాట అనను. మా అమ్మ కాన్సర్‌తో పోయింది. వైద్యం చేయించాం, మొక్కులు మొక్కాం, రాత్రుళ్ళు పక్కన కూచున్నాం. పోయింది. ఆ రోజు ఎవరో నా వీపు నిమురుతూ, "అంతే రాసిపెట్టి ఉందమ్మా" అన్నారు. నేను వాదించలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన తలకి ఆ మాట ఒక తలగడ. చెయ్యగలిగిందంతా చేశాక ఆ తలగడ మీద తల వాల్చుకుంటే తప్పులేదు. కానీ అదే మాటని ఆడపిల్ల గదికి బయటినుంచి గడియలా పెడతామంటే మాత్రం నేను ఒప్పుకోను. చావుకీ అయిదు లక్షల బేరానికీ ఒకే మాట వాడకండి. చనిపోయినవాళ్ళకి అవమానం, బతికున్నవాళ్ళకి అన్యాయం.

అక్కలారా, చెల్లెళ్ళారా! మిమ్మల్ని నేనేమీ పెద్ద విప్లవాలు చెయ్యమనడం లేదు. ఈసారి 'తలరాత' అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి, 'ఎవరు రాశారు?' అని అడగండి. చాలాసార్లు ఆ రాసినవాడు మీ హాల్లోనే కుర్చీలో కూచుని కాఫీ తాగుతూ కనిపిస్తాడు. కొన్నిసార్లు, నాకు కనిపించినట్టు, అద్దంలో కనిపిస్తాడు.

పన్నెండో నవల మొదలుపెట్టాను. కథానాయిక నలుపు. చామనచాయ కాదు, నలుపే. మొదటి పేజీలో ఆ మాట రాయడానికి నాకు రెండురోజులు పట్టింది. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, కలం దానంతటదే 'అయినా కళ్ళు మాత్రం' అంటూ సర్దుబాటుకి పరిగెత్తేది. ఆ 'అయినా'ని నాలుగుసార్లు కొట్టేశాను.

చెల్లెలి సంగతి చెప్పలేదు కదూ? మొన్న రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, వాళ్ళ నంబరు కనుక్కుని నేనే ఫోన్ చేసి ఈ సంబంధం నాకు వద్దని చెప్పేశాను" అంది. గొంతు కాస్త వణికింది గానీ ఏడవలేదు. వెనకనుంచి పిన్ని కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి ఫోన్ లాక్కుని, "అంతా నీ వల్లే! దాని బుర్ర పాడుచేశావు. నీ మూలంగా బంగారంలాంటి సంబంధం పోయింది!" అని నాలుగు దులిపి, పెట్టేసింది. అప్పట్నించీ నాతో మాటల్లేవు.

బాధగానే ఉంది. పిన్ని చేతి కాఫీ మళ్ళీ ఎప్పుడో తెలియదు. చెల్లెలికి మంచి సంబంధం కుదురుతుందో లేదో, అసలు దానికి పెళ్ళి కావాలని ఉందో లేదో, అదీ తెలియదు. అయినా మనసులో ఒక మూల చిన్న సంతోషం దాగటం లేదు. ఇన్నేళ్ళకి మా ఇంట్లో ఒక ఆడపిల్ల సంబంధం తప్పిపోతే, నింద బ్రహ్మదేవుడి మీద పడలేదు. మనుషుల మీద పడింది.