కానుగను ఉత్త చెట్టు అనకండి

 

మన హాస్టలు వెనక, పంటకాలువ వైపు ఆరు కానుగ చెట్లు ఉన్నవి. ప్రహరీ గోడ కట్టేటప్పుడు వాటిని కొట్టేసి, ఆ వరసలో నిలువు అశోక చెట్లు వేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఎవరినడిగినా "కానుగే గదా! కాయ తినేది కాదు, పూవు తలలో పెట్టుకునేది కాదు. ఉత్త చెట్టు" అంటున్నారు. ఈ మాట సరి కాదని నా అభిప్రాయం. ఎందుకు సరి కాదో రాస్తున్నాను. చదివి మీరూ ఆలోచించండి.

మన కృష్ణా డెల్టా కాలువల మీద బతికే నేల. విజయవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అన్నీ అక్కడి నీళ్ళే. కాలువ ఉంటే గట్టు ఉండాలి. గట్టు నిలబడాలంటే దానిని పట్టుకునే వేరు ఉండాలి. కానుగ వేరు లోతుకు దిగుతుంది, పక్కలకూ పాకుతుంది. కొన్నాళ్ళు నీళ్ళు నిలిచినా చెట్టు చావదు. ఉప్పు నేలలో కూడా బతుకుతుంది. సముద్రం పక్కన ఉన్న మా దివిసీమ వాళ్ళకు ఇది చిన్న గుణం కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వేలమంది పోయారు. ఉప్పునీళ్ళు పొలాల మీదికి వచ్చినవి. అటువంటి చోట ఉప్పుకు తట్టుకునే చెట్టును ఉత్త చెట్టు అనవచ్చునా?

ఇక నూనె సంగతి. కానుగ కాయ చప్పగా, బాదంకాయ మాదిరి ఉంటుంది. లోపల ఒక గింజ, అరుదుగా రెండు ఉంటవి. కానుగ గింజ గానుగలో పడితే నాలుగు కిలోలకు కిలో దాకా నూనె దిగుతుంది. ఆ నూనె చేదు, వాసన కూడా. తినకూడదు, తింటే వికారం, వాంతులు. కాని కరెంటు లేని రోజులలో దీపాలకు ఇదే నూనె పోసేవారు. సబ్బుల తయారీలో వాడతారు, తోళ్ళు పదును పెట్టడానికి వాడతారు. గజ్జికి, చిడుముకు మన పెద్దవాళ్ళు రాసేది ఇదే. (నర్సు అక్క ఇచ్చే మందు మానమని నేను చెప్పడం లేదు.) నూనె తీయగా మిగిలిన పిండి పొలానికి మంచి ఎరువు. ఆకును వరి మడిలో తొక్కితే పచ్చిరొట్ట అవుతుంది. చిక్కుడు, కంది జాతి చెట్టు గనుక వేళ్ళ దగ్గర నేలకు నత్రజని చేరుతుంది. ఇది మన సైన్సు పాఠంలో ఉన్నదే. కలపకు త్వరగా పురుగు పడుతుంది గాని, బండి చక్రాలకు, పనిముట్ల పిడులకు వాడతారు. పుల్ల విరిచి పళ్ళు తోముకోని వాళ్ళు మా పేటలో లేరు.

ఇన్ని ఉపయోగాలు ఉండి కూడా ఉత్త చెట్టు అనే పేరు ఎందుకు వచ్చింది? నాకు తోచిన కారణం ఒకటే. ఈ గింజ ఏరేది బీదవాళ్ళు. మా అమ్మమ్మ ఎండాకాలం వస్తే కరకట్ట పొడుగునా కానుగ కాయ ఏరుతుంది, కొట్టి గింజ తీస్తుంది, కొట్లో అమ్ముతుంది. కొట్టాయన ఎంత తూకమంటే అంత తూకం, ఎంత ధరంటే అంత ధర. మా యానాదుల్లో ఇట్లా ఏరుకునే వాళ్ళు చాలామంది. ఆ పని చేసేవాళ్ళకు విలువ లేదు కాబట్టి చెట్టుకూ విలువ లేకుండా పోయింది. మనలో కొందరు "మా అమ్మ గింజలేరుద్ది" అని క్లాసులో చెప్పడానికి సిగ్గుపడతారు. ఎందుకు సిగ్గు? ఏ నెలలో కాయ ముదురుద్దో, ఏ చెట్టు కాయ నిండుగా ఉంటదో మా అమ్మమ్మకు తెలిసినంత పుస్తకంలో లేదు. కానుగకు శాస్త్రవేత్తలు పొంగామియా అని పేరు పెట్టారు. అది లాటిను మాట అనుకుంటాము. కాదు, తమిళులు కానుగను పిలిచే పేరు నుంచే తీసుకున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు మన పక్క ఊరి జనం మాటను తీసుకున్నారు. మనం మాత్రం మన వాళ్ళ చెట్టును ఉత్తది అంటున్నాము.

కొండ ప్రాంతాల్లో ఉండే మన వాళ్ళకు కొంత నయం. అక్కడ 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉన్నది. దానిని జీసీసీ అంటారు. అది అటవీ ఫలసాయం కొంటుంది. కేంద్ర ప్రభుత్వం 2013-14లో అటవీ ఫలసాయానికి మద్దతు ధర పెట్టినప్పుడు ఇప్ప గింజ, చింతపండు, తేనెలతో పాటు కానుగ గింజనూ మొదటి జాబితాలోనే చేర్చింది. కాని కాలువ గట్టు అడవి కాదు గదా! గట్టు మీద ఏరుకునే మా అమ్మమ్మ లాంటి వాళ్ళ దగ్గరికి ఆ కాటా రాలేదు. చెట్టు అదే, గింజ అదే. కొండ మీద ఒక న్యాయం, కాలువ గట్టున ఒక న్యాయం ఉండకూడదు. డెల్టాలో కూడా సరైన కాటా పెట్టి కొనాలని నేను కోరుతున్నాను.

ఆడవాళ్ళు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి పవర్‌గూడ ఉన్నది. అది అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలో గోండుల చిన్న గూడెం. ఇప్పుడు తెలంగాణలో, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి మహిళా సంఘం నూనె మిల్లు నడిపింది, కానుగ మొక్కలు పెంచింది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఆ లెక్క కట్టి 147 టన్నులకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు ఇచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా గూడెం ఆడవాళ్ళ చెట్టుకు ప్రపంచ బ్యాంకు వెల కట్టింది. మనం వెనక నుంచి గొడ్డలి తెస్తామా?

కానుగ మీద చెప్పే ఫిర్యాదులు కూడా నాకు తెలుసు. ఆకు బాగా రాలుద్ది, ఊడవలేక చేతులు నొప్పి పుడతాయి. నిజమే. ఊడ్చే వంతు నాకూ వస్తుంది. పూత మీద తేనెటీగలు ఉంటాయి, చిన్నపిల్లలు భయపడతారు. అదీ నిజమే. కాని ఊడ్చిన ఆకును తగలబెట్టి పొగ పీల్చే బదులు గుంటలో వేస్తే మన వంకాయ మడికి ఎరువు అవుతుంది. నిలువు అశోక ఫోటోలో అందంగా ఉంటుంది. దాని కింద ఎంతమందిమి కూర్చోగలం? కానుగ కింద మా తరగతి మొత్తం కూర్చుంటుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం మనం పరుగెత్తేది ఎక్కడికో అందరికీ తెలుసు.

కాబట్టి వార్డెన్ మేడమ్ గారికి, పెద్దలకు నా మనవులు ఇవి.

ఒకటి: గోడను రెండు బారలు ఇవతలికి జరిపి కట్టించండి, చెట్లు నిలబడతాయి. మా ఆటస్థలం ఆ రెండు బారలు తగ్గినా మాకు పరవాలేదు. ఈ మాట అమ్మాయిలను అడిగే రాస్తున్నాను.

రెండు: ఎండాకాలం సెలవులకు ముందు రాలిన కాయను చెత్తతో తగలబెట్టనివ్వకండి. ఆదివారం గంటసేపు మేము ఏరుతాము. గింజ అమ్మగా వచ్చిన డబ్బును నోటీసు బోర్డు మీద రాసి, లైబ్రరీకి పుస్తకాలు కొందాము.

మూడు: సైన్సు టీచరు గారు చెట్ల పాఠం చెప్పే రోజున మా అమ్మమ్మ లాంటి ఒక పెద్దావిడను పిలిపించండి. మాకు అక్షరం నేర్పేవాళ్ళు మీరు. చెట్టు నేర్పేవాళ్ళు వాళ్ళు. రెండూ ఒకే క్లాసులో వినాలని ఉంది.

చెట్టు కొట్టడానికి ఒక పూట చాలు. కానుగ మొక్క కాపుకు రావాలంటే నాలుగైదు ఏళ్ళు పడుతుంది. అప్పటికి మేము ఈ హాస్టలులో ఉండము. మా తరువాత వచ్చే చెల్లెళ్ళకు నీడ ఉండాలని అడుగుతున్నాను. మీ అభిప్రాయాలు కూడా రాసి వచ్చే నెల గోడపత్రికకు ఇవ్వండి. నాతో ఒప్పుకోని వాళ్ళు కూడా రాయండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని